కాలువలు నీలంగా రావాలి

5 జులై 1999, సోమవారం

ఉద్యోగంలో చేరాను. పర్మనెంటు ఉద్యోగమే. మొదట ఒక నెల ట్రయల్ అన్నారు, ముప్పయ్యో తేదీన పని చూసి ఉంచుకునేదీ లేనిదీ చెబుతారట, అది వేరే సంగతి. ఆ వేరే సంగతి ఇంట్లో పద్మావతికి చెప్పలేదు. పంతొమ్మిదేళ్ళు డ్రాయింగులు గీసిన బాలానగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక, ఈ ఆరు నెలల్లో ఆవిడ హాయిగా నవ్వగా చూడలేదు. ఇవాళ చూశాను. ఒక్క మాట కోసం దాన్ని చెడగొట్టడం ఎందుకు?

ఆఫీసు హైటెక్ సిటీలో. అంటే, మాదాపూర్‌లో ఒక అద్దె ఇంట్లో. డాబా ఎక్కితే హైటెక్ సిటీ గుండ్రటి భవనం స్పష్టంగా కనిపిస్తుంది. పడగ్గదిలో యజమాని ఇమ్మాన్యుయేల్ కూర్చుంటాడు. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో, నాకంటే పదహారేళ్ళు చిన్న. వంటగది నాకూ, మెర్సీ అనే అమ్మాయికీ ఇచ్చారు. పొయ్యి ఉండాల్సిన గట్టు మీద ప్రింటరు ఉంది.

ఇంటర్వ్యూలో ఇమ్మాన్యుయేల్ "లినక్స్ వచ్చాండీ?" అని అడిగాడు. "చూశానండీ" అన్నాను. అబద్ధం కాదు. కోఠీలో ఒక పత్రికతో పాటు ఇచ్చిన లినక్స్ సీడీ చూశాను. రెండు వైపులా చూశాను. అతను ఇంకేమీ అడగలేదు. మర్యాద తెలిసిన మనిషి.

ఈ కంపెనీ వాళ్ళ ప్రోగ్రాము కాలువల పటాలు చూపిస్తుంది. నది ముదురు నీలం, కాలువ లేత నీలం, రోడ్డు ఎరుపు, పొలాలు రకరకాల ఆకుపచ్చలు. ముప్పయ్యో తేదీన దాన్ని చూడ్డానికి నీటిపారుదల శాఖ ఆఫీసర్లు వస్తున్నారు. ఒక కొత్త కంప్యూటర్లో విండోస్ బదులు లినక్స్ ఎక్కించి, దాని మీద ఈ రంగులు రప్పించడమే నాకిచ్చిన పని. ఒక పూట పని.

6, మంగళవారం

రెండు పూటల పని.

7, బుధవారం

ఇప్పుడు సంగతి అర్థమైంది. కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డు అని ఒకటి ఉంటుంది, తెర మీద బొమ్మ వేసేది అదే. దానితో మాట్లాడ్డానికి డ్రైవరు అనే ప్రోగ్రాము కావాలి. లినక్స్‌తో పాటు వచ్చిన పాత డ్రైవరు ఏ కార్డుకైనా పనికొస్తుంది కానీ పదహారు రంగులే చూపిస్తుంది. ఆ పదహారు రంగుల్లో కాలువా రోడ్డూ ఒకే రంగులో వచ్చాయి. ఆఫీసర్లు జీపు కాలువలో నడపాల్సిందే.

కార్డు అట్టపెట్టెలో కొత్త డ్రైవరు ఒకటి ఇచ్చారు. దాంతో అన్ని రంగులూ వస్తాయి. ఏ డ్రైవరు వాడాలో, మానిటరుకి ఏ అంకెలు కావాలో ఒక చిన్న ఫైల్లో రాయాలి. ఇంతే. రాశాను. బొమ్మ వచ్చింది కానీ కింది నుంచి పైకి పరుగెత్తుతోంది.

అంకెలు తప్పు రాస్తే మానిటరు కాలిపోయే ప్రమాదం ఉందని పుస్తకంలో ఉంది. అందుకని ఎంటర్ నొక్కేటప్పుడల్లా కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటున్నాను. నేను నొక్కబోయే ముందు మెర్సీ కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. ప్రార్థన మానిటరు కోసమో నా కోసమో అడగలేదు.

8, గురువారం

పొద్దున తొమ్మిదికి వెళ్ళేసరికి ఫైల్లో పాత డ్రైవరే ఉంది. నిన్న నేను కొత్తది రాసి, సేవ్ చేసి మరీ ఇంటికి వచ్చాను. సేవ్ చేయలేదేమో. మళ్ళీ రాశాను.

9, శుక్రవారం

మళ్ళీ పాతదే. ఈసారి సేవ్ చేశాను. రెండుసార్లు చేశాను.

12, సోమవారం

కరెంటు వల్ల. ఇక్కడ రోజుకి మూడుసార్లు పోతోంది, యూపీఎస్ కూసి కూసి ఆగిపోతుంది. కరెంటు పోయినప్పుడు కంప్యూటరు కొత్తది మరిచిపోయి పాతది గుర్తు తెచ్చుకుంటుందని నా అభిప్రాయం. ఇమ్మాన్యుయేల్‌తో ఇలాగే చెప్పాను. అతను చాలాసేపు నా వంక చూసి, "అలాగే ఉండొచ్చండీ" అన్నాడు. నాతో ఏకీభవించాడు.

మెర్సీని అడగొచ్చు. ఆమె ఇలాంటివి నాలుగు చేసిందట. కానీ ఆమెకి ఇరవై నాలుగేళ్ళు. నా జూనియర్ల జూనియర్లకి ఉండేది ఆ వయసు. ఇంకా అవసరం రాలేదు.

14, బుధవారం

నాకు వాస్తు మీద నమ్మకం లేదు. బల్ల మాత్రం తూర్పు ముఖంగా తిప్పాను, వెలుతురు కోసం.

15, గురువారం

వెలుతురు బాగానే ఉంది. పాత డ్రైవరే ఉంది.

16, శుక్రవారం

సాయంత్రం కూకట్‌పల్లి బస్సు దిగి కాలనీలోకి వస్తుంటే నలుగురు ఆపి అభినందించారు. పద్మావతి అందరికీ చెప్పేసింది. పక్కింటి పుణ్యవతిగారైతే "మా తమ్ముడు కూడా కంప్యూటర్ నేర్చుకున్నాడండీ, మీరు పర్మనెంటు కదా, ఒక మాట చెప్పి చూడండి" అన్నారు. "చూద్దామండీ" అన్నాను. ఇంకా రెండు వారాలుంది. ముప్పయ్యో తేదీన వీళ్ళు నన్ను వద్దంటే, ఈ వీధిలో ఎటువైపు నుంచి ఇంటికి రావాలో ఇప్పటి నుంచే ఆలోచించుకోవాలి.

అంత అవసరం రాదు. రంగులు వచ్చేస్తాయి.

19, సోమవారం

ఆఫీసు తాళాలు కిష్టయ్య దగ్గర ఉంటాయి. రాయదుర్గం మనిషి, నా ఈడువాడు. పొద్దున ఏడింటికి తలుపులు తీసి, ఊడ్చి, నీళ్ళు పట్టి, కంప్యూటర్ల వైర్లు చూసుకుంటాడు. ఇదివరకు టీవీలు బాగుచేసేవాడట. ఇవాళ టీ తెచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఏంది సార్, గింత పరేషాన్ల ఉన్నరు? కార్డు ఖరాబైనట్టుంది. జర విప్పి చూడనా?"

"ఇది కార్డు సంగతి కాదు కిష్టయ్యా, డ్రైవరు సంగతి. నీకు అర్థం కాదు."

"గట్లనా సార్" అని గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు. నాకూ అర్థం కాలేదని అతనికి తెలియదు కాబట్టి సరిపోయింది.

21, బుధవారం

ఈ రోజు తేదీ గుర్తు పెట్టుకోవాలి. మానిటరు అట్టపెట్టెలో, థర్మాకోలు అడుగున, చిన్న పుస్తకం దొరికింది. నాకు కావలసిన అంకెలన్నీ చివరి పేజీలో ఉన్నాయి. రెండు వారాలుగా ఊహించి రాస్తున్న అంకెలు! అన్నీ సరిగ్గా రాశాను, మూడుసార్లు సరిచూశాను. పంతొమ్మిదేళ్ళు దారపు మందంతో గీతలు గీసిన చెయ్యి ఇది, తప్పు పోదు. కుర్చీ కూడా వెనక్కి జరపకుండా ఎంటర్ నొక్కాను.

తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. స్క్రీన్లేవీ దొరకలేదట.

పదిహేనంగుళాల స్క్రీను నా ముక్కు ముందే ఉంది. ఆ వాక్యాన్ని చూపిస్తున్నది కూడా ఆ స్క్రీనే. స్క్రీన్లేవీ దొరకలేదట.

22, గురువారం

దొరకలేదు.

23, శుక్రవారం

భోజనాల వేళ ఇమ్మాన్యుయేల్ మా గదిలోకి వచ్చి, "ఎలా ఉందండీ?" అన్నాడు. "దగ్గరికి వచ్చేసిందండీ" అన్నాను. "వచ్చే శుక్రవారమేనండీ ఆఫీసర్లు" అని మెల్లగా చెప్పి వెళ్ళాడు. అరిచినా బాగుండేది. అరిచే యజమానులతో నాకు అలవాటుంది.

పద్మావతి క్యారేజీలో గుత్తివంకాయ పెట్టింది. మింగుడు పడలేదు. మిగిల్చింది తీసుకెళితే అడుగుతుందని కిష్టయ్యకి ఇచ్చేశాను.

24, శనివారం

ఒక విషయం కనిపెట్టాను. ప్రతి ఫైలు పక్కనా దాన్ని చివరిసారి ఎప్పుడు మార్చారో టైము ఉంటుంది. మూడు వారాలుగా అది నా కళ్ళ ముందే ఉంది. నా ఫైలు మార్చినది ఇవాళ పొద్దున ఏడూ నలభై రెండుకి! నేను వచ్చేది తొమ్మిదికి. ఏడున్నరకి వచ్చేది ఎవరు? మెర్సీ. భర్తకి పొద్దుటి డ్యూటీ, స్కూటరు మీద దింపేసి పోతాడు.

అర్థమైంది. ఆరోజు కళ్ళు మూసుకుని చేసిన ప్రార్థన ఏమిటో కూడా అర్థమైంది. నన్ను పంపించి నా సీట్లోకి రావాలని. కిటికీ పక్క సీటు నాది. పైకి "అండీ" లేకుండా మాట్లాడదు, అన్నీ నటన!

ఇంకా ఏమేం చేస్తోందో తెలుసుకోవడానికి, వచ్చే ముందు కంప్యూటరు డబ్బా అంచు మీద సన్నటి కాగితం ముక్క జిగురుతో అతికించి సంతకం పెట్టాను. డబ్బా విప్పితే కాగితం చిరగాల్సిందే.

26, సోమవారం

చిరిగింది! మెర్సీ స్క్రూడ్రైవరు కూడా పడుతుందన్నమాట. రేపు పొద్దున ఏడింటికి వెళ్ళి కళ్ళారా చూసి పట్టుకుంటాను. ఏం మాట్లాడాలో రాసి పెట్టుకున్నాను. "అమ్మా, నువ్వు నా కూతురు లాంటిదానివి" అని మొదలుపెట్టి, నెమ్మదిగా గొంతు పెంచాలి.

27, మంగళవారం

ఇవాళ్టిది అంతా రాయాలి.

కిష్టయ్య తాళం తీసి నీళ్ళు పట్టడానికి వెనక్కి వెళ్ళగానే, నేను లోపలికి వెళ్ళి వంటగది పక్కనున్న సామాన్ల గదిలో తలుపు ఓరగా తీసి నిలబడ్డాను. ఖాళీ అట్టపెట్టెలు, దుమ్ము. ఏడున్నరకి మెర్సీ వచ్చింది. తిన్నగా నా కుర్చీలో కూర్చుంది. కంప్యూటరు పెట్టింది, కళ్ళు మూసుకుంది, తెరిచి టకటకా టైపు చేసింది. నేను అనుకున్నదే. అయితే బయటికి రాబోతుంటే ఆమె లేచి హాల్లోకి వెళ్ళిపోయింది. వెంటనే పెరటి తలుపు నుంచి కిష్టయ్య వచ్చాడు. చుట్టూ చూశాడు. కంప్యూటరు ఆపేసి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, డబ్బా విప్పి, లోపలికి ముఖం పెట్టి గట్టిగా ఊదాడు.

ఆ దుమ్ము నా గదిలోకే వచ్చింది. పెద్దగా తుమ్మాను. గంభీరంగా బయటికి రావాలన్న పథకం అక్కడితో పోయింది. కిష్టయ్య స్క్రూడ్రైవరు వదిలేశాడు. చప్పుడుకి మెర్సీ పరుగెత్తుకొచ్చింది. ముగ్గురం ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నాం. రాసుకున్నదంతా మరిచిపోయాను.

"ఏం చేస్తున్నారు మీరిద్దరూ నా మిషనుతో?" అన్నాను.

మెర్సీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పొద్దున పెట్టి చూస్తే బొమ్మ సరిగ్గా వచ్చేది కాదండీ. మీరు రాగానే అది చూసి బాధపడతారని, కనీసం పదహారు రంగులైనా కనబడాలని, పాత డ్రైవరుకి మార్చి పెడుతున్నానండీ."

"రోజూనా?"

"రోజూ అండీ."

"నాకు చెప్పొచ్చు కదమ్మా!"

"ఎలా చెప్పనండీ? పెద్దవారు. మీ పని తప్పని నేనెలా అంటాను?"

కిష్టయ్య వైపు తిరిగాను. అతను చిరిగిన కాగితం ముక్క వేలికి చుట్టుకుంటున్నాడు. "నేనైతే కార్డే మార్చిన సార్. ఆ దినం నువ్వు వద్దన్నవ్. గని నీ మొకం చూస్తే పానం ఒప్పలే. తెల్లారి మూలకున్న పాత మిషన్ల కార్డు తీసి దీంట్ల పెట్టిన. అప్పటిసంది దినాం ఊది, జర గట్టిగ నొక్కి పెడుతున్న. సార్‌కి మంచిగైతే అయితదని."

"నాకెందుకు చెప్పలేదు?"

"నాకు అర్థం కాదంటివి గద సార్. మల్ల చెప్తే మంచిగుండదని."

అప్పుడు నాకు కోపం రావాలి. రాలేదు. నా కుర్చీలో కూర్చుని, ఎవరూ అడక్కుండానే, "నాకు లినక్స్ రాదు" అన్నాను.

మెర్సీ, "తెలుసండీ" అంది.

"ఎప్పటి నుంచి?"

"రెండో రోజు నుంచండీ. లినక్స్ ఎక్కించాక మీరు తెర మీద విండోస్ స్టార్ట్ బటన్ కోసం గంటసేపు వెతికారు."

కిష్టయ్య నవ్వాపుకోలేకపోయాడు. తర్వాత మెర్సీ నవ్వింది. చివరికి నేనూ నవ్వాను. ముప్పయ్యో తేదీ సంగతి వాళ్ళకి చెప్పాను. ఇంట్లో పర్మనెంటని చెప్పానని కూడా చెప్పేశాను. నెలంతా ఎవరికీ చెప్పనిది, దొంగలనుకుని నేనే పట్టుకోబోయినవాళ్ళకి చెప్పాను.

తర్వాత చేసింది నాకు తెలిసిన ఒకే ఒక్క పని. ఫ్యాక్టరీలో ప్రతి డ్రాయింగుకీ కింద కుడి మూల ఒక పట్టిక ఉండేది. ఒక్క గీత మార్చినా అందులో తేదీ, ఏం మార్చారు, ఎందుకు మార్చారు, ఎవరు మార్చారు రాసి సంతకం పెట్టాలి. సంతకం లేని మార్పుకి లేత్ మిషను తిరిగేది కాదు. ఒక చార్టు కాగితం మీద అదే పట్టిక గీశాను. ఐదో తేదీ నుంచి ఎవరేం చేశారో గుర్తు చేసుకుని ముగ్గురం నింపాం. కిష్టయ్య తెలుగులో సంతకం పెట్టాడు, నాకంటే అందంగా.

నింపడం అయ్యాక చూస్తే చిన్నపిల్లలకి కూడా తెలిసిపోయేలా ఉంది. కార్డు మారింది ఇరవయ్యో తేదీ పొద్దున. నాకు సరైన అంకెలు దొరికింది ఇరవై ఒకటిన. అంకెలు సరిపోయే వేళకి లోపల వేరే కార్డుంది. కొత్త డ్రైవరు తన కార్డు కోసం వెతుక్కుని, కనబడక, స్క్రీన్లేవీ దొరకలేదని చేతులెత్తేసింది. పాత డ్రైవరు ఏ కార్డుకైనా పనికొస్తుంది కాబట్టి పొద్దున్నే మెర్సీ పెట్టినది మాత్రం నిక్షేపంగా పనిచేసింది. నాకు సాయం చేసేవాళ్ళు ఒక్కరు తక్కువున్నా పని ఎప్పుడో అయిపోయేది.

28, బుధవారం

కిష్టయ్య అసలు కార్డు తిరిగి పెట్టాడు. సంతకం చేశాడు. మెర్సీ చెబుతుంటే పాత డ్రైవరు పూర్తిగా తీసేశాను, ఇక ఎవరికీ వెనక్కి మార్చాలనే బుద్ధి పుట్టకుండా. సంతకం చేశాను. పుస్తకంలోని అంకెలు నేను చదివితే మెర్సీ కొట్టింది. సంతకం చేసింది. ఎంటర్ నొక్కమని ఇద్దరూ నన్నే అన్నారు. ఈసారి మెర్సీతో పాటు నేనూ కళ్ళు మూసుకున్నాను.

"వచ్చింది సార్! కాల్వ నీలంగ వచ్చింది!" అని కిష్టయ్య అరిచాడు.

కళ్ళు తెరిచాను. నది ముదురు నీలం, కాలువ లేత నీలం, రోడ్డు ఎరుపు. పంట కాలువలు అరచేతి గీతల్లాగా పొలాల్లోకి వెళ్తున్నాయి. అంత చక్కటి డ్రాయింగు నేను ఎన్నడూ గీయలేదు. ఏడ్చాను. దాచుకోలేదు.

29, గురువారం

మిషనుని ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోలేదని ముగ్గురం సంతకాలు పెట్టాం.

30, శుక్రవారం

ఆఫీసర్లు నలుగురు వచ్చారు. అందరికన్నా పెద్దాయన భీమేశ్వరరావుగారు తెర దగ్గరగా వంగి వాళ్ళ ఊరి కాలువ వెతుక్కున్నారు. దొరికింది. "మా చేను ఇక్కడండీ" అని తెర మీద వేలు పెట్టి చూపించారు. ఆ తర్వాత ప్రోగ్రాము గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మిగతా ముగ్గురూ వాళ్ళ చేలు వెతుక్కున్నారు. వెళ్ళేటప్పుడు ప్రోగ్రాము తీసుకుంటామన్నారు.

ఇమ్మాన్యుయేల్ నన్ను పడగ్గదిలోకి పిలిచి, "మొత్తం మీరొక్కరే సాధించారండీ" అని చెయ్యి చాపాడు. ఆ చెయ్యి పట్టుకుని ఊరుకుంటే సరిపోయేది. ఉద్యోగం వచ్చేసేది. మెర్సీ చెప్పదు, కిష్టయ్య చెప్పడు, వాళ్ళ సంగతి నాకు తెలుసు. అందుకే ఊరుకోలేకపోయాను. చార్టు కాగితం తెచ్చి బల్ల మీద పరిచాను. లినక్స్ రాదని చెప్పాను.

అతను పట్టికంతా మొదటి గడి నుంచి చదివాడు. "రాదని ఇంటర్వ్యూలోనే అనుమానం వచ్చిందండీ. పెద్దవారు, ఇంకో ప్రశ్న వేయడానికి మొహమాటమేసింది" అన్నాడు. ఆ కరెంటు సిద్ధాంతం విన్నప్పుడు కూడా మొహమాటమే వేసిందట.

"నేను ఉండాలా, వెళ్ళాలా అండీ?" అన్నాను.

"లినక్స్ మెర్సీగారు నేర్పిస్తారు. ఈ పట్టిక మాత్రం ఆఫీసులో ప్రతి మిషను మీదా ఉండాలి. అది నేర్పించడానికి మాకు ఇంకెవరూ లేరండీ" అని, అక్కడే ఆర్డరు టైపు చేయించి సంతకం పెట్టాడు. పర్మనెంటు.

బస్సులో ఆర్డరు జేబులో పెట్టుకుని కూర్చున్నాక గుర్తొచ్చింది. నా జీవితంలో ఇంత మంచి కాగితం ఇంకోటి లేదు, దీన్ని ఇంట్లో చూపించే వీలు లేదు. పద్మావతి లెక్కలో నేను ఐదో తేదీ నుంచీ పర్మనెంటు.

ఇంటికి వెళ్ళాక అరగంట అటూ ఇటూ తిరిగాను. తర్వాత వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పేశాను. ఇన్నాళ్ళూ ట్రయలేనని, ఇవాళ్టి వరకు ఉంటుందో పోతుందో తెలియదని, పోతుందని భయపడ్డానని. ఆర్డరు ఇచ్చాను. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని చదివింది. సంతోషిస్తుందనుకున్నాను.

"ఉద్యోగం పోతుందని భయపడ్డారు, సరే. నాకు చెబితే ఏమవుతుందని భయపడ్డారండీ?"

బాధపడతావని అనబోయి ఆగిపోయాను. ఈ నెలలో ఆ మాట ఎంత పని చేసిందో చూశాను కదా.

31, శనివారం

మాట్లాడటం లేదు. కాఫీ ఇచ్చింది.

1 ఆగస్టు, ఆదివారం

పొద్దున నా ఎదురుగా కూర్చుని, "మొదటి రోజు నుంచి చెప్పండి. ఒక్కటీ వదలకుండా" అంది.

చెప్పాను. కాఫీతో మొదలుపెడితే భోజనాల వేళ దాకా పట్టింది. స్టార్ట్ బటన్ దగ్గర నవ్వింది. సామాన్ల గదిలో తుమ్ము దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుత్తివంకాయ కిష్టయ్యకి ఇచ్చానంటే నవ్వు ఆగిపోయి, నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత కళ్ళు తుడుచుకుని, వచ్చే ఆదివారం కిష్టయ్యనీ, మెర్సీ దంపతులనీ భోజనానికి పిలవమంది. పుణ్యవతిగారికి ఏం చెప్పాలో తను చూసుకుంటుందట.

ఇప్పుడు సాయంత్రమైంది. డైరీ తెరిచి అరగంట నుంచి కూర్చున్నాను. అంతా ఆవిడకి చెప్పేశాను. ఇందులో రాసుకోవడానికి ఏమీ మిగల్లేదు.